చేయి చెప్పే మాట

మస్కట్‌లో ఒక ఆస్పత్రి వార్డు. తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు బెడ్ల పక్క కడ్డీలు తుడుస్తున్నాడు. మూడో బెడ్డు తుడిచి, అవే గ్లవ్స్‌తో, అదే గుడ్డతో నాలుగో బెడ్డు దగ్గరికి నడిచాడు. నేను ఆపి, చేతులు కడుక్కోమన్నాను.

"అక్కా, గ్లవ్స్ ఏసుకున్న గదా. మల్ల చేతులు కడుగుడెందుకు?" అన్నాడు.

జవాబు చూపిద్దామని గ్లవ్స్ తీయమన్నాను. కుడిచేతికి ఒకదాని మీద ఒకటి రెండు ఉన్నాయి. రెండూ తీస్తే చూపుడువేలి గోరు పక్కన పుండు. చుట్టూ వాచి ఎర్రగా ఉంది.

"ఎన్ని రోజులైంది తమ్ముడూ?"

"మూడు వారాలైతుందక్కా. మానుతలేదు. శానిటైజర్ తగిలితే మండుతది. అందుకే రెండేసుకుంటున్న."

డ్యూటీ దిగగానే అతన్ని డాక్టర్ దగ్గరికి పంపాను. షుగరు 286 ఉంది. అతని వయసు 36. ఒమన్ వచ్చి తొమ్మిదేళ్లు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా షుగరు చూపించుకోలేదు. ఆస్పత్రిలోనే పనిచేస్తూ!

ఆ ఒక్క వేలు నాకు రెండు సంగతులు చెప్పింది. ఆ చేయి రోగికి క్రిముల్ని మోసుకెళ్తోంది. అదే చేయి తన ఒంట్లో జబ్బుందని మూడు వారాలుగా మొత్తుకుంటోంది. మరి మీ చేయి ఏం చెబుతోంది? చివరిసారి ఎప్పుడు విన్నారు?

ఈ అధ్యాయం ఒమన్ ఆస్పత్రుల్లో, క్లినిక్కుల్లో పనిచేసే మన తెలుగువాళ్ల కోసం. మీరు నర్సు కావచ్చు, ల్యాబ్ టెక్నీషియన్ కావచ్చు, క్లీనింగ్ పని చేస్తుండవచ్చు, స్ట్రెచర్ తోస్తుండవచ్చు. ప్రొమెట్రిక్ పరీక్ష రాసి వచ్చినా, ఏజెంటు ద్వారా వచ్చినా రోగి దగ్గరికి వెళ్లేది మీ చేతులే.

ఈ దేశం ఆరోగ్యం విషయంలో చాలా దూరం నడిచింది. 1970లో ఒమన్ మొత్తానికి రెండే ఆస్పత్రులు, 12 పడకలు. 1987లో రాయల్ హాస్పిటల్, 1990లో సుల్తాన్ ఖబూస్ యూనివర్సిటీ హాస్పిటల్ వచ్చాయి. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 191 దేశాల ఆరోగ్య వ్యవస్థల పనితీరును లెక్కగడితే ఒమన్ ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఒకప్పుడు భయపెట్టిన అంటువ్యాధులు తగ్గాయి. ఇప్పుడు వార్డుల్లో చూడండి: షుగరు, బీపీ, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు. ఈ జబ్బులతో నీరసించిన ఒంట్లోకే ఆస్పత్రి క్రిములు తేలిగ్గా దూరతాయి. షుగరు అదుపులో లేనివాళ్లకు పుండు మానదు, మానని పుండు క్రిములకు తెరిచిన తలుపు. అందుకే ఆస్పత్రి క్రిములతో, ఈ జబ్బులతో చేసే రెండు పోరాటాలూ కలిపే చేయాలి.

ఎలా? పదకొండు పనులు చెబుతాను. మొదటి ఏడూ మీ రోగి కోసం. తర్వాతి నాలుగూ మీ కోసం.

ముందు రోగి కోసం

1. ఐదు సందర్భాలు కంఠతా పట్టండి.

రోగిని ముట్టుకునే ముందు. సూది, డ్రెస్సింగ్, గొట్టం లాంటి శుభ్రమైన పనికి ముందు. రక్తం, మూత్రం, చీము తగిలే పని అయ్యాక. రోగిని ముట్టుకున్నాక. రోగిని ముట్టుకోకపోయినా అతని మంచాన్ని, బల్లను, దుప్పటిని తాకాక. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఐదు సందర్భాలు ఇవే. చాలామంది మరిచేది ఐదోది. "నేను పేషెంటును ముట్టుకోలేదు కదా, మానిటర్ అలారం ఆపానంతే" అంటారు. ఆ బటన్‌ను అంతకుముందు ఎన్ని చేతులు నొక్కాయో ఆలోచించారా?

శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, ఆరేదాకా రుద్దాలి. సబ్బూ నీళ్లయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు. బొటనవేలు, వేళ్ల సందులు, గోళ్ల కొసలు వదిలేస్తుంటాం. అక్కడి నుంచే మొదలుపెట్టండి. చేతికి మురికి కనిపిస్తున్నా, రోగికి విరేచనాలు అవుతున్నా శానిటైజర్ చాలదు. సబ్బుతో కడగాల్సిందే, ఎందుకంటే విరేచనాలు కలిగించే కొన్ని క్రిములు స్పిరిట్‌కు చావవు.

2. గ్లవ్స్‌ను రెండో చర్మం అనుకోకండి.

ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇదే. గ్లవ్స్ మీ చేతిని కాపాడతాయి. కానీ ఆ గ్లవ్స్‌తోనే ఇంకో బెడ్డు దగ్గరికి వెళ్తే ఆ రోగిని ఎవరు కాపాడాలి? ఒక రోగికి ఒక జత. పని అయ్యాక తీయాలి, తీశాక చేతులు రుద్దుకోవాలి. గ్లవ్స్‌కు కంటికి కనిపించని చిల్లులు ఉండవచ్చు, తీసేటప్పుడు మణికట్టుకు మురికి అంటుకోవచ్చు.

గ్లవ్స్ మీద శానిటైజర్ పూసుకుని పని కొనసాగించడం, గ్లవ్స్‌తోనే ఫోన్ ఎత్తడం, కీబోర్డు కొట్టడం, లిఫ్టు బటన్ నొక్కడం... వీటిలో మీరు చేసేవి ఎన్ని?

3. మణికట్టు ఖాళీగా ఉంచండి.

ఇది చెప్పడానికి నాకూ కాస్త ఇబ్బందే, అయినా చెప్పాలి. మనలో చాలామంది చేతికి దారం ఉంటుంది. తిరుపతి నుంచి అమ్మ పంపిన దారం, కాశీ దారం, దర్గాలో కట్టించుకున్న తాయెత్తు. విమానం ఎక్కేముందు కన్నీళ్లతో కట్టిన దారం అది. తీసేయాలంటే మనసు ఒప్పుకోదు. కానీ దారం తడుస్తుంది, త్వరగా ఆరదు, మురికి పట్టి నల్లబడుతుంది. ఉంగరం కింద, గాజుల కింద చర్మానికి సబ్బు సరిగ్గా అందదు.

దారాన్ని మోచేతికి పైన, దండకు కట్టుకోండి. లేదా గదిలో దేవుడి పటం దగ్గర పెట్టి, డ్యూటీకి వెళ్తూ దణ్ణం పెట్టుకోండి. రోగికి చెడు జరగకూడదని చేసిన పనిని ఏ దేవుడూ తప్పు పట్టడు. గోళ్లు పొట్టిగా ఉంచుకోండి. గోళ్ల రంగు, అతికించే గోళ్లు డ్యూటీలో వద్దు.

4. గొట్టం ఉన్న ప్రతిచోటా ఒక ప్రశ్న వేయండి.

"ఇది ఇంకా అవసరమా?" ఈ ఒక్క ప్రశ్న ఎన్నో ఇన్ఫెక్షన్లను ఆపుతుంది. యూరిన్ గొట్టం ఎన్ని రోజులుంటే అంత ముప్పు. క్యాన్యులా కూడా అంతే. రౌండ్స్‌లో డాక్టర్‌ను రోజూ అడగండి. అడగడం మీ ఉద్యోగంలో భాగమే.

ఉన్నన్నాళ్లు ఏం చేయాలి? యూరిన్ బ్యాగు మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, నేలను మాత్రం తాకకూడదు. రోగిని స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు బ్యాగును పొట్ట మీద పెట్టడం మనం రోజూ చూసే పొరపాటు. అలా పెడితే మూత్రం వెనక్కి పారుతుంది. క్యాన్యులాలో మందు ఎక్కించే ముందు మూతిని స్పిరిట్ స్వాబ్‌తో కనీసం 15 సెకన్లు రుద్ది, ఆరనివ్వండి. వెంటిలేటర్ మీదున్న రోగి తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో ఉంచండి, వద్దని డాక్టర్ చెబితే తప్ప.

5. తుడవడం ఒక విద్య. అలాగే నేర్చుకోండి.

క్లీనింగ్ చేసే అన్నలకు, అక్కలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ పని డాక్టర్ పనికి తక్కువ కాదు. కాండిడా ఆరిస్ అని ఒక ఫంగస్ ఉంది. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవిలో దొరికిందని లోకానికి తెలిసింది. తర్వాత కొన్నేళ్లకే ఎన్నో దేశాలకు పాకి, ఒమన్ ఆస్పత్రుల్లోనూ కనిపించింది. చాలా మందులకు లొంగదు. మంచం కడ్డీల మీద, బల్లల మీద వారాల తరబడి బతుకుతుంది. మామూలుగా వాడే కొన్ని క్లీనింగ్ మందులు దాన్ని చంపలేవు. అందుకే ఏ గదిలో ఏ మందు వాడాలో ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ను అడిగే మొదలుపెట్టండి.

పద్ధతి చిన్నదే. పై నుంచి కిందికి. శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకి. బెడ్డుకో కొత్త గుడ్డ. వాడిన గుడ్డను మళ్లీ బకెట్‌లో ముంచకండి. తుడిచిన వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టకండి. సీసా మీద ఎన్ని నిమిషాలని రాసి ఉంటుందో అన్ని నిమిషాలు ఆ తడి అలాగే ఉంటేనే మందు పనిచేస్తుంది.

6. దగ్గుతో వచ్చిన మనిషిని ముందు ప్రశ్నించండి, తర్వాత కూర్చోబెట్టండి.

2015లో గల్ఫ్ దేశాలు తిరిగి వెళ్లిన ఒక్క మనిషి ద్వారా దక్షిణ కొరియాకు మెర్స్ జబ్బు చేరింది. జబ్బేమిటో తేలేలోపు ఆయన పలు ఆస్పత్రులకు తిరిగాడు. మొత్తం 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. ఎక్కువగా పాకింది ఆస్పత్రుల్లోనే: రద్దీగా ఉన్న ఎమర్జెన్సీ గదుల్లో, పక్కపక్క బెడ్లలో.

మెర్స్ ఒమన్‌కు కొత్త కాదు, ఇక్కడ మొదటి కేసు 2013లోనే బయటపడింది. ఒంటెల ద్వారా మనుషులకు సోకుతుంది. కాబట్టి రిసెప్షన్‌లో ఉన్నా, ట్రయాజ్‌లో ఉన్నా జ్వరం, దగ్గుతో వచ్చినవాళ్లను మూడు అడగండి: ఈమధ్య ఎక్కడికైనా ప్రయాణం చేశారా? ఒంటెల దగ్గర ఉన్నారా, పచ్చి ఒంటెపాలు తాగారా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా? మాస్కు ఇచ్చి వేరుగా కూర్చోబెట్టండి. ఇంతకూ పట్టే సమయం ఒక్క నిమిషం.

7. సూది గుచ్చుకుంటే దాచకండి.

ఒక చిన్న సన్నివేశం ఊహించండి. నైట్ డ్యూటీ చివర్లో కోనసీమ నుంచి వచ్చిన ఒక సిస్టర్ వాడిన సూదికి మూత పెట్టబోయింది. వేలికి గుచ్చుకుంది. "ఏం కాదులే, చిన్న గీతే. ఇన్‌ఛార్జ్‌కు చెబితే నన్నే అంటారు. వీసాకు ఏమైనా ఇబ్బంది అవుతుందేమో" అనుకుని ప్లాస్టర్ వేసుకుంది.

ఆమె పోగొట్టుకున్నదేమిటో చూడండి. హెచ్ఐవీ రాకుండా ఆపే మందు గంటల్లోపు మొదలుపెట్టాలి. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. సూది ద్వారా హెచ్ఐవీ సోకే అవకాశం వెయ్యిలో మూడు. హెపటైటిస్ బి టీకా వేసుకోనివాళ్లకు మాత్రం ముప్పు నూటికి 30 దాకా ఉండవచ్చు. ఆ రోజే రాతలో పెట్టి, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకుంటే, రేపు ఏదైనా జరిగినా అది పనిలో జరిగిందని చూపడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది. దాస్తే ఏమీ ఉండదు.

గుచ్చుకుంటే ఇలా చేయండి: పిండకండి, బ్లీచింగ్ పోయకండి. పారే నీళ్ల కింద సబ్బుతో కడగండి. వెంటనే ఇన్‌ఛార్జ్‌కు చెప్పండి. ఏ రోగి సూదో రాయించండి. అసలు గుచ్చుకోకుండా ఉండాలంటే వాడిన సూదికి మూత పెట్టవద్దు, చేతి దూరంలో షార్ప్స్ బాక్సు ఉంచుకోండి, ముప్పావు వంతు నిండగానే మార్పించండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయ్యాయా? ఆ తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుని, 10 పైన ఉందని చూసుకున్నారా?

ఇప్పుడు మీ కోసం

రోగుల షుగరు చార్టు రోజుకు నాలుగుసార్లు రాస్తాం. మన షుగరెంతో మనకు తెలియదు. "పనిచేసే ఒళ్లు, నాకేం రోగం?" అనే మాట ఎంతమంది నోట విన్నానో. రెసిడెన్సీ కోసం చేసే మెడికల్‌లో పాసయ్యాం కదా అని ధీమా పడకండి. ఆ పరీక్షలు ముఖ్యంగా టీబీ, హెచ్ఐవీ లాంటి అంటురోగాల కోసం. లోపల మెల్లగా పెరిగే జబ్బును మనమే వెతకాలి.

8. నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి.

ఉదయం పరగడుపున షుగరు: 100 లోపు ఉంటే మంచిది, 100 నుంచి 125 అంటే హెచ్చరిక, 126 లేదా ఆపైన రెండోసారీ వస్తే షుగరు జబ్బు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ: 6.5 లేదా ఆపైన ఉంటే జబ్బు. బీపీ: మళ్లీమళ్లీ చూసినా 140/90 తగ్గకపోతే డాక్టర్‌ను కలవాలి. నడుము చుట్టుకొలత: మన భారతీయులకు మగవాళ్లయితే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లయితే 80 దాటకూడదు. టేపు మీ వార్డులోనే ఉంటుంది. ఏడాదికి ఒకసారి, పుట్టినరోజు ఉన్న వారంలో ఈ నాలుగూ చూపించుకోండి. తారీఖు మరిచిపోయే ప్రసక్తే ఉండదు.

9. కరక్ లెక్క వేసుకోండి.

డ్యూటీకి ముందు ఒక కరక్ చాయ్, టీ బ్రేక్‌లో ఒకటి, దిగాక ఫ్రెండ్స్‌తో ఒకటి. చిక్కటి పాలు, దండిగా చక్కెర. పెద్ద ఖర్చు కాదు కాబట్టి లెక్క ఉండదు. కప్పుకు రెండు చెంచాల చక్కెర అనుకున్నా రోజుకు ఆరు. పైన రోగి ఇంటివాళ్లు ప్రేమగా పెట్టే ఒమని హల్వా, ఖర్జూరాలు. ఒమన్ ప్రభుత్వం 2019లో కూల్‌డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం ప్రత్యేక పన్ను వేసింది ఈ తీపిని తగ్గించడానికే.

ఏం చేయాలి? మానేయమని చెప్పను, మీరు మానరు. రోజుకు ఒక్క కరక్, అదీ "షుగర్ తక్కువ" అని చెప్పి. మిగతా సమయాల్లో చక్కెర లేని కహ్వా లేదా ఉప్పు వేయని లబన్. నైట్ డ్యూటీ ఉంటే కడుపు నిండా తినేది డ్యూటీకి ముందే. అర్ధరాత్రి పళ్లెం నిండా అన్నం, ఆవకాయ పెట్టుకుంటే నిద్రా చెడుతుంది, షుగరూ పెరుగుతుంది. ఉడికించిన శనగలు, గుడ్డు, ఒక పండు చాలు. ఆవకాయను వదలలేం, నిజమే. కానీ ఒంటికి రోజంతటికీ కావాల్సిన ఉప్పు ఒక చెంచాకన్నా తక్కువే. రెండు పూటలా ఊరగాయ, పైన అప్పడం అంటే బీపీని మనమే పిలిచినట్టు.

10. మాత్ర పేరు నేర్చుకోండి, డబ్బా రంగు కాదు.

ఊరి నుంచి ఆరు నెలలకు సరిపడా బీపీ మాత్రలు తెచ్చుకుంటాం. అయిపోతాయి. "ఊరెళ్లేవాళ్లతో తెప్పించుకుందాంలే" అని నెల రోజులు ఆగుతాం. ఆ నెలలోనే ప్రమాదం కాచుకుని ఉంటుంది. ఇక్కడి ఫార్మసీలో కంపెనీ పేరు వేరు కావచ్చు, లోపలి మందు అదే. అట్ట వెనక చిన్న అక్షరాల్లో మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ అని ఉంటుంది చూడండి. ఆ పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పది రోజుల మాత్రలు ఉండగానే డాక్టర్‌ను కలవండి.

ఇంకో మాట. నడుం నొప్పికి రోజూ డైక్లోఫెనాక్ మింగడం, జలుబుకు యాంటీబయాటిక్ అడిగి తీసుకోవడం మనవాళ్లలో చాలా చూశాను. మొదటిది కిడ్నీల మీద పడుతుంది. రెండోది క్రిములకు మందును ఎదిరించడం నేర్పుతుంది. ఆ మొండి క్రిమే రేపు మీ వార్డులో ఇంకో రోగి ఒంట్లోకి వస్తుంది.

11. నడవండి, పాదాలు చూసుకోండి, టీకా వేసుకోండి.

చెన్నైలో చేసిన ఒక అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. షుగరు రాబోయే దశలో ఉన్నవాళ్లు తిండి సరిచేసుకుని రోజూ నడిస్తే జబ్బు వచ్చే అవకాశం దాదాపు 28 శాతం తగ్గింది. వాళ్లు మనలాంటి ఒళ్లున్నవాళ్లే, మనలాంటి అన్నం తినేవాళ్లే. వారానికి 150 నిమిషాలు నడిస్తే చాలు. ఎండాకాలంలో మత్రా కార్నిష్ మీదో, ఖురుం బీచ్ దగ్గరో పొద్దు గుంకాక నడవండి. సలాలాలో ఉన్నవాళ్లకు ఖరీఫ్ జల్లులే తోడు. షుగరున్నవాళ్లు ఇసుకలో చెప్పుల్లేకుండా నడవకండి. మొద్దుబారిన పాదానికి కాలిన సంగతి కూడా తెలియదు. రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి. ఫ్లూ టీకా ఏడాదికోసారి తప్పనిసరి. అది మీకూ మేలు, మీ రోగికీ మేలు.

చూడ్డానికి వచ్చినవాళ్లతో ఎలా?

ఒమన్‌లో రోగిని చూడ్డానికి కుటుంబమంతా వస్తుంది. చేయి కలుపుతారు, ముక్కు ముక్కుకు తాకిస్తారు. అది వాళ్ల ఆప్యాయత, దాన్ని గద్దించి ఆపలేం. చిరునవ్వుతో "లౌ సమహ్త్" (దయచేసి) అని, తలుపు దగ్గరున్న శానిటైజర్ చూపించి, ముందు మీరే రుద్దుకోండి. మీరు చేస్తుంటే వాళ్లూ చేస్తారు. స్పిరిట్ ఉందని ఎవరైనా సందేహిస్తే వాదించకుండా సబ్బు, నీళ్లు ఉన్న చోటు చూపించండి.

మొదటి వారం ఇలా మొదలుపెట్టండి

పదకొండూ ఒకేసారి మొదలుపెడితే మూడో రోజుకే మానేస్తారు. అందుకే మొదటి వారం మూడే పనులు.

ఒకటి: ప్రతి బెడ్డు దగ్గరికి వెళ్లే ముందు, వచ్చాక చేతులు రుద్దుకోండి. మిగతా సందర్భాలు రెండో వారం చేర్చండి.

రెండు: ఈ శుక్రవారమో శనివారమో పరగడుపున షుగరు, బీపీ. జేబులో పుస్తకం పెట్టుకుని రాయండి.

మూడు: డ్యూటీలో ఒక తోడు. మీరు మరిస్తే తను గుర్తుచేయాలి, తను మరిస్తే మీరు. "ఏమనుకుంటారో" అన్న మొహమాటం పోవడానికి ఒక్క సైగ పెట్టుకోండి. చేతులు రుద్దుతున్నట్టు చూపిస్తే చాలు.

ఒకరోజు మరిచిపోయారా? బాధపడుతూ కూర్చోకండి. తర్వాతి బెడ్డు దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.

ఆ తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. మందులు మొదలుపెట్టాక వేలు మానడానికి నెల పట్టింది. ఆ నెలంతా అతనికి బెడ్ల దగ్గర పని వేయలేదు, స్టోర్‌లో వేశారు. తిరిగి వార్డుకు వచ్చిన మొదటి రాత్రి నేను హడావుడిగా ఒక రోగి దగ్గరికి వెళ్తున్నాను. అతను దూరం నుంచే నన్ను చూసి, రెండు చేతులూ ఎత్తి ఒకదానితో ఒకటి రుద్దాడు. చూపుడువేలి గోరు పక్కన చర్మం మాని ఉంది. నేను ఆగి, వెనక్కి వచ్చి శానిటైజర్ నొక్కాను.

"థ్యాంక్స్ తమ్ముడూ" అన్నాను.

"పరగడుపున 112 ఉందక్కా ఇయ్యాల" అన్నాడు.